కడుపునొప్పి అనే మాట వెనక

జిల్లా వార్తల పేజీ చదివే అలవాటున్న వారందరికీ ఒక వాక్యం కంఠతా వచ్చి వుంటుంది. "కడుపునొప్పి తాళలేక" ఫలానా వూరి యువకుడు, లేదా యువతి, ఆత్మహత్య చేసుకున్నారని. వూరు మారుతుంది, వయస్సు మారుతుంది, కడుపునొప్పి మారదు. వైరాలోనూ ఆ చుట్టుపక్కలా చాలా ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పిన నేను కూడా ఈ వాక్యాన్ని అందరిలాగే చదివి పేజీ తిప్పాను. ఆధారాన్ని శంకించటం చరిత్ర విద్యార్థికి మొదటి పాఠం. ఆ పాఠాన్ని రాజుల శాసనాలకు వర్తింపజేశాను గాని, మా మండలంలో పడుచువాళ్ల చావులకు వర్తింపజేయలేదు.

మనసు కుంగిపోయి, చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చిన పిల్లవాడికి ఇల్లు ఏం చేసింది, ఏం చేయగలదు అన్నది ఇక్కడ నా ప్రశ్న. దీన్ని వైద్యుడిలా చర్చించే అర్హత నాకు లేదు. కాని ఇంటికి కూడా చరిత్ర వుంది కనక, అంతవరకు మాట్లాడతాను.

ముందు ఆ కడుపునొప్పి సంగతి. పత్రిక దాన్ని పోలీసు కాగితంలోంచి తీసుకుంటుంది. పోలీసు కాగితం ఇంటివారు చెప్పిందే రాసుకుంటుంది. ఇంటివారు ఎందుకలా చెబుతారు? పరువు ఒక కారణం. చట్టం ఇంకొకటి. 1860 నాటి శిక్షాస్మృతిలో 309వ సెక్షను ప్రకారం, చావబోయి బతికినవాడు నేరస్థుడు. ఏడాది దాకా జైలు. బిడ్డను ఆసుపత్రికి తీసుకుపోయిన తల్లి డాక్టరుకు నిజం చెబితే పోలీసుకు కూడా చెప్పినట్టే. 1994లో సుప్రీంకోర్టు ఈ సెక్షనును కొట్టివేసింది. ఆ కేసులో కోర్టుకెక్కిన ఇద్దరిలో ఒకరు శ్రీకాకుళ పోరాట కాలపు నాయకుడు నాగభూషణ్ పట్నాయక్ అన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. రెండేళ్లు తిరక్కుండానే, 1996లో అదే కోర్టు సెక్షనును మళ్లీ బతికించింది. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం, ఇలాంటి ప్రయత్నం చేసినవాణ్ణి తీవ్రమైన ఒత్తిడిలో వున్నవాడిగా భావించి ప్రభుత్వం చికిత్స చేయించాలన్నది. 2024 జూలై 1న వచ్చిన కొత్త న్యాయసంహితలో ఆ పాత సెక్షను లేనే లేదు. నూట అరవై ఏళ్లు అబద్ధం చెప్పటానికి అలవాటు పడిన ఇల్లు మాత్రం చట్టం మారినంత తేలిగ్గా మారలేదు.

ఇక ప్రభుత్వ లెక్కలు. 2022లో దేశంలో నమోదైన ఆత్మహత్యలు 1,70,924. అందులో విద్యార్థులు 13,044 మంది. కారణాల పట్టికలో అన్నిటికంటె పెద్ద గడి "కుటుంబ సమస్యలు": నూటికి 31.7. పరీక్ష తప్పటం అన్న గడిలో నూటికి రెండు కూడా లేవు. ఈ పట్టిక చూసి పరీక్షలకు దోషం లేదని, దోషమంతా ఇళ్లదేనని వాదించేవారున్నారు. కాని పరీక్ష తప్పిన పిల్లవాణ్ణి తండ్రి తిడితే అది ఏ గడిలోకి పోతుంది? మిర్చి ధర పడిపోయి, ఫీజు కట్టలేక తండ్రి మాట తూలితే అది ఏ గడి? అప్పు, ధర, సీటు, కులం - బయటినుంచి వచ్చే ప్రతి దెబ్బా చివరకు ఇంట్లోనే, ఎవరో ఒకరి నోటిమాటగానే తగులుతుంది. లెక్కలు రాసేవాడు ఆ చివరి మాటనే రాసుకుంటాడు.

అలాగని ఇంటిని వెనకేసుకు రావటం నా వుద్దేశం కాదు. ఈ విషయం మీద మార్క్సు రాశాడంటే మన విద్యార్థులు ఆశ్చర్యపోతారు. 1846 జనవరిలో, 27 ఏళ్ల వయస్సులో, 'సమాజ దర్పణం' అనే అర్థం గల పేరున్న ఒక జర్మన్ పత్రికలో ఆయన ఒక వ్యాసం ప్రచురించాడు. పారిస్ పోలీసు శాఖలో పాత కాగితాలు భద్రపరిచే వుద్యోగం చేసిన జాక్ పెషే అనే ఆయన జ్ఞాపకాల్లోంచి ఆత్మహత్యల గురించిన భాగాలు ఎంచి, అనువదించి, మధ్య మధ్య తన మాటలు కలిపాడు. అందులో నాలుగు వుదంతాలున్నాయి, మూడు స్త్రీలవి. ఒకటి దర్జీ కూతురిది. పెళ్లి నిశ్చయమైన యువకుడి ఇంట్లో ఆ రాత్రి వుండిపోయిందని, తెల్లవారి తల్లిదండ్రులే వీధిలో పదిమంది ముందు ఆమెను అవమానించారు. మార్క్సు ఇక్కడ ఫ్యాక్టరీని గురించి గాని కూలిని గురించి గాని మాట్లాడడు. విప్లవం రాజును దించింది గాని ఇంటిలోని నిరంకుశత్వాన్ని దించలేదంటాడు. బయట ఎవరిముందూ నోరెత్తలేనివారు ఇంట్లో తల్లిదండ్రుల అధికారం చేతికి రాగానే ఎంత కఠినులవుతారో ఎత్తి చూపుతాడు.

మన భాషలో ఈ సంగతి గురజాడకు తెలుసు. పూర్ణమ్మ కథను మనం కన్యాశుల్కం మీద విమర్శగా పాఠం చెబుతాం. నేనూ ఏళ్ల తరబడి అట్లాగే వాడుకున్నాను. కాని ఆ పిల్ల పోబోయేముందు అన్నదమ్ములను తలుచుకోమని అడుగుతుంది. సెలవు తీసుకుంటున్నట్టే మాట్లాడుతుంది. ఇల్లంతా వింటుంది. విన్నవాళ్లలో ఒక్కరూ "ఎందుకిలా మాట్లాడుతున్నావు?" అని అడగరు. ముసలి మొగుడికి అమ్మటం ఒక నేరమయితే, అడగకపోవటం మరొకటి. మొదటి నేరం మీద మన సాహిత్యంలో కావలసినంత విమర్శ వుంది. రెండోదాని మీద నాకు ఎక్కడా కనిపించలేదు.

ఇప్పుడు వైరాకు వస్తాను. వైరా అంటే రిజర్వాయరు. 1930లో, నిజాం కాలంలో, వైరా నది మీద కట్టింది. 17 వేల పైచిలుకు ఎకరాల ఆయకట్టు. కాలవ కింద వరి, కాలవ అందనిచోట పత్తి, మిర్చి; భద్రాచలం వైపు పోయినకొద్దీ తండాలు, కోయగూడేలు, అడవి. 1946 నుంచి 1951 దాకా ఈ జిల్లా ఇళ్లు దళాలకు అన్నం పెట్టాయి. అప్పటి ఇల్లు కొడుక్కి భూమి కావాలనుకున్నది. భూమి కొందరికి వచ్చింది, చాలామందికి కౌలు మిగిలింది. 1980ల తర్వాత అదే ఇల్లు కొడుక్కి సీటు కావాలనుకున్నది. భూమి కోసం వూరంతా కలిసి కొట్లాడేవారు. సీటు కోసం ఎవడి కొడుకు వాడే, పక్కింటి కొడుకుతోనే కొట్లాడాలి. నా దృష్టిలో ఇది మన జిల్లా కుటుంబ చరిత్రలో చాలా పెద్ద మార్పు. హాస్టలు గదుల్లో పదహారేళ్ల పిల్లలు తెల్లవారుజాము నుంచి రాత్రిదాకా చదివే పద్ధతి విజయవాడ నుంచి ఖమ్మానికి పాకింది. ఈ కాలేజీల్లో ఆత్మహత్యల మీద 2001లో నీరదారెడ్డి కమిటీ, 2017లో ఆంధ్రప్రదేశ్‌లో చక్రపాణి కమిటీ వేశారు. ఒకే జబ్బుకు పదహారేళ్ల ఎడంలో రెండు కమిటీలు వేయవలసి వచ్చిందంటే మొదటి కమిటీ మాట ఎంతవరకు చెల్లిందో వేరే చెప్పనక్కరలేదు.

మన పాపం కూడా కొంత వుంది. 2009 నవంబరు తర్వాత ప్రత్యేక తెలంగాణ కోసం పడుచువాళ్లు వరసగా ప్రాణాలు తీసుకున్నారు. చావవద్దని వేడుకున్న నాయకులు, రచయితలు వున్నారు. కాని ఆ మాటకన్నా ఎక్కువగా వినిపించింది పాట. అందరికీ కనిపించింది కూడలిలో నిలువెత్తు బొమ్మ. మేము దానికి ఆత్మబలిదానమని పేరు పెట్టాం. గెటే రాసిన 'వెర్తర్' నవల 1774లో వచ్చినప్పుడు, కుర్రాళ్లు నాయకుణ్ణి అనుకరించి చస్తున్నారని లైప్‌జిగ్ నగరంలో దాన్ని నిషేధించారు. రెండు వందల ఏళ్లకు, 1974లో, అమెరికాలో డేవిడ్ ఫిలిప్స్ అనే సమాజ శాస్త్రజ్ఞుడు పత్రికల్లో ఆత్మహత్యల వార్తలకు పెద్ద ప్రాధాన్యం ఇచ్చిన తర్వాత ఆ సంఖ్య పెరుగుతున్నదని లెక్కలతో చూపాడు. ఇదంతా చదివి వుండి కూడా ఒక సంస్మరణ సభకు నేను అధ్యక్షత వహించాను. ముందు వరసలో కూర్చున్న ఒక కుర్రవాడు నా వుపన్యాసం వినటం లేదు. వేదిక మీది ఫొటో వైపే చూస్తున్నాడు. ఆ చూపు నేను మరచిపోలేదు. అతనికేమీ కాలేదు, అదృష్టం. నేను ఆ రోజు అతన్ని పలకరించలేదు.

2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చాయి. మూడు లక్షల పైచిలుకు పిల్లలు తప్పారు. కొద్దిరోజుల్లోనే ఇరవైమందికి పైగా చనిపోయారు. మార్కుల నమోదులో తప్పులు బయటపడ్డాయి. తెలుగులో ఒక అమ్మాయికి సున్నా వేస్తే, మళ్లీ చూసినప్పుడు అది 99 అని తేలింది. ముగ్గురు సభ్యుల సంఘం వేశారు. తప్పినవారి కాగితాలన్నీ తిరిగి చూస్తే వెయ్యిమందికి పైగా నెగ్గారు. మేమంతా ఖమ్మంలో ధర్నా చేశాం. ధర్నా చేయవలసిందే. కాని అదే వారంలో మా ఇంటికి నాలుగిళ్ల అవతల మరొక పని జరిగింది. దాన్ని నేను తర్వాత గాని అర్థం చేసుకోలేదు. ఆ ఇంటివారూ ఆ అబ్బాయీ ఒప్పుకున్నారు కనక, పేరు లేకుండా రాస్తున్నాను.

తండ్రి కౌలురైతు. 2017 ఏప్రిల్‌లో ఖమ్మం మార్కెట్‌లో మిర్చి ధర పడిపోయి రైతులు తిరగబడ్డారు. పట్టుకున్న రైతులకు బేడీలు వేసి కోర్టుకు తెచ్చారు. ఆ ఏటి అప్పు ఇతనికి ఇంకా తీరలేదు. ఆ అప్పు మీద కొడుకు హాస్టలు ఫీజు మరో అప్పు. పిల్లవాడు రెండు సబ్జెక్టులు తప్పాడు. ఇంటివాళ్లు ఫలితాల రోజునే దిగులుపడ్డారు గాని, పిల్లవాడిలో మార్పు దసరా నాటినుంచే వుంది. నిద్ర లేదు. తిండి సగమైంది. స్నేహితులు పిలిస్తే పోడు. తన సైకిలును, ఎంతో ఇష్టంగా దాచుకున్న పుస్తకాలను చిన్నాన్న కొడుక్కి ఇచ్చేశాడు. పత్రికలు "క్షణికావేశం" అని రాస్తాయి. ఆ క్షణం ఆరు నెలల పొడుగున వుంది; ఇల్లు దాన్ని బద్ధకమనుకున్నది.

మార్కులు చూసి తండ్రి అన్న మొదటి మాట, తెలుగు దేశంలో ప్రతి తండ్రీ అనే మాటే: "నీకేం తక్కువ చేశామురా?" ఈ మాటలో ప్రేమ లేదని నేననను. కాని ఇది పద్దుపుస్తకంలోని మాట. ఇంత పెట్టాం, ఇంత రావాలి. అది విన్న పిల్లవాడికి తానొక మొండిబాకీ అనిపిస్తుంది. తాను లేకపోతే బాకీ రద్దవుతుందని కూడా అనిపిస్తుంది. కుంగిపోయిన మనసు వేసే లెక్క ఇదేనని తరువాత ఆ అబ్బాయే నాతో చెప్పాడు.

అడిగింది నాయనమ్మ. ఆ ముసలమ్మకు అక్షరం రాదు. ఆమె తల్లి దళాలకు గంపలో అన్నం మోసిందని వూళ్లో చెప్పుకుంటారు. సాయంత్రం మంచం పక్కన కూర్చుని, చుట్టూ తిప్పకుండా అడిగింది: "సావాలనిపిస్తుందా, బిడ్డా?" అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అవునన్నాడు. ఆమె ఏడవలేదు, ఒట్టు వేయించుకోలేదు, "అట్లాంటి మాటలనొద్దు" అనలేదు. ఎప్పటినుంచి అని అడిగింది. చెప్పినంతా విన్నది. చదువుకున్న మనలాంటివారికి ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని భయం. పరిశోధనలు అందుకు విరుద్ధంగా చెబుతున్నాయి: అడగటం వల్ల ఆ ఆలోచన పుట్టదు, చాలాసార్లు బరువు దిగుతుంది. నాయనమ్మకు పరిశోధనలు తెలియవు. ఎందుకడిగావని తరువాత నేనడిగితే, "జరమొస్తే ఒళ్లు ముట్టి సూడమా?" అన్నది.

ఆ రాత్రి తండ్రి పొలం మందులన్నీ మూటగట్టి పక్కవూళ్లో బావమరిది ఇంటికి చేర్చాడు. ఇది చిన్న పనిగా కనిపిస్తుంది. శ్రీలంక 1995 నుంచి అత్యంత విషపూరితమైన పురుగుమందులను ఒకటొకటిగా నిషేధిస్తే, అక్కడ ఆత్మహత్యల రేటు సగానికి మించి పడిపోయింది. చావదలచినవాడు ఎలాగైనా చస్తాడనే మన మొరటు నమ్మకం అక్కడ అబద్ధమయింది. ఆ గడియ దాటిపోతే బతికేవారే ఎక్కువమంది. ఒక దేశం చట్టంతో చేసిన పనిని ఈ తండ్రి తన మోటారు సైకిలు మీద చేశాడు. మన దేశం కూడా చట్టంతో చేసి వుంటే అతనికి ఆ రాత్రి ప్రయాణం తప్పేది.

వంతులవారీగా ఎవరో ఒకరు అతని దగ్గర వున్నారు. కాపలా కాస్తున్నట్టు కాకుండా, ఏదో పని పెట్టుకుని. అత్తవారింటినుంచి అక్క వచ్చి నెలరోజులు వుంది. మేనమామ వచ్చి చేపలకు తీసుకుపోయేవాడు. తల్లి జమలాపురం వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నది. నాస్తికుణ్ణయిన నాకు అందులో అభ్యంతరం కనిపించలేదు, ఆసుపత్రికి పోవటం మానలేదు కనక. ఖమ్మం ప్రభుత్వాసుపత్రిలో మనోవైద్యుడు దీన్ని జబ్బన్నాడు, పేరు డిప్రెషన్ అన్నాడు, మందు పనిచేయటానికి వారాలు పడుతుందని, బాగయినట్టు కనిపించినా తనకు చెప్పకుండా మానవద్దని చెప్పాడు. వూళ్లో కొందరు గాలి సోకిందన్నారు. ఒకాయన పెళ్లి చేస్తే కుదురుకుంటాడన్నాడు. ఆడపిల్లలకు ఈ వైద్యం ఎందరికి చేశారో, ఎందరు పూర్ణమ్మలయ్యారో ఆ పెద్దమనిషి ఎప్పుడూ ఆలోచించి వుండడు.

అసలు మాట పదిరోజుల తర్వాత వచ్చింది. భోజనం దగ్గర తండ్రి తలెత్తకుండా అన్నాడు: "అప్పు నాది. నీది కాదు." అంతే. తనకు ఆ రాత్రి మొదటిసారి నిద్ర పట్టిందని అబ్బాయి చెప్పాడు. ఈ ఒక్క మాటతో జబ్బు నయమయిందని మాత్రం ఎవరూ అనుకోవద్దు. శ్రావణంలో ఆ ఆలోచన మళ్లీ వచ్చింది. కాని ఈసారి ఎవరూ అడగవలసిన అవసరం రాలేదు. తనే అక్కకు ఫోను చేసి చెప్పాడు.

కుటుంబం ఆదుకోవటం అంటే ఎవరి ఆదుకోవటం? ఆ నెలల్లో తల్లి పత్తి చేలో గుంటక వెనక కూలికి పోలేదు, ఆ కూలి పోయింది. అక్క నెలరోజులు పుట్టింట్లో వుందని అత్తవారు మాటలన్నారు. నాయనమ్మ రాత్రిళ్లు మేలుకుని మోకాళ్లు పట్టుకుపోయాయి. ఇల్లు అనే మాటలో ఈ ఆడవాళ్ల చాకిరీ దాగి వుంది. మన తీర్మానాల్లో దానికి చోటు లేదు. దేశంలో దీన్ని గుర్తించిన పాత వుదాహరణ ఒకటుంది. 1950లలో అమృతసర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్, తగినంతమంది సిబ్బంది లేని పరిస్థితిలో, రోగుల బంధువులను ఆవరణలోనే డేరాల్లో వుంచి, వారితో రోజూ మాట్లాడి, చికిత్సలో భాగస్వాములను చేశాడు. తర్వాత వెల్లూరు, బెంగుళూరు వైద్యులు ఆ దారిలో నడిచారు. అక్కడ కుటుంబాన్ని ఆసుపత్రే పిలిచి, చోటిచ్చి, నేర్పింది. మనకేమో ఎర్రగడ్డ అనే వూరిపేరే తిట్టయి కూర్చుంది. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలిమానస్, 14416 నంబరు, రాత్రీ పగలూ తెలుగులో పలుకుతుంది. విద్యార్థులందరికీ ఆ నంబరు తెలియాలి. 2025 జూలైలో, విశాఖలో చదువుకుంటూ చనిపోయిన ఒక బాలిక కేసులో సుప్రీంకోర్టు విద్యాసంస్థలకు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. అమలు చేయించే పని విద్యార్థి సంఘాలది కూడా.

ఇంటి అండకు ఒక హద్దుంది. 2016 జనవరి 17న హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చనిపోయిన రోహిత్ వేములకు ప్రేమించే తల్లి వుంది. నెలల తరబడి ఆగిపోయిన ఫెలోషిప్పును, మూసుకున్న హాస్టలు తలుపును తల్లి తెరవలేదు. సంస్థలు చేయవలసిన పనిని ఇళ్ల మీదికి నెట్టేవారితో నేను ఏకీభవించను. అదే సమయంలో, వ్యవస్థ మారేదాకా ఇంట్లో చేయగలిగిందేమీ లేదని కూర్చునే మన పాత అలవాటుతో కూడా ఏకీభవించలేను. నాయనమ్మ వ్యవస్థ మారేదాకా ఆగివుంటే మనవడు వుండేవాడు కాడు.

క్రితం వేసవిలో వైరాలో విద్యార్థుల అధ్యయన తరగతికి మార్క్సు వ్యాసం తీసుకుపోయి, ఇదంతా చెప్పాను. చర్చ బాగానే జరిగింది. డర్క్‌హైం 1897లో రాసిన గ్రంథాన్ని గురించి ఒక అధ్యాపకుడు చక్కగా మాట్లాడాడు. అందరూ లేచాక వెనక వరసలో ఒక తండా కుర్రవాడు నిలబడిపోయాడు. "సార్, మా ఇంట్లో అట్లా అడిగేవాళ్లు లేరు. అమ్మానాన్న ఇద్దరూ మిర్చి కోతలకు పోయి వుంటారు" అన్నాడు.

నాకు 2010 నాటి ముందు వరస గుర్తొచ్చింది. నాయనమ్మ మాటనే, నాకు చేతనయినట్టు, అతన్ని అడిగాను. బస్టాండు పక్క టీకొట్టులో కూర్చున్నాం. సత్తుపల్లి పోయే బస్సులు మూడు వెళ్లిపోయాయి. నాలుగో బస్సు వచ్చేసరికి అతని రూమ్మేటు, మా అధ్యాపకుడు కూడా వచ్చి బల్ల దగ్గర చేరారు. మర్నాడు పొద్దున్న ఖమ్మం ఆసుపత్రికి నలుగురం కలిసి పోవాలని నిర్ణయించుకుని, ఆ రాత్రికి అతన్ని మా ఇంటికి తీసుకుపోయాను.